డిబేకీ వద్దన్న ఆపరేషన్

1964లోనే కాలి సిరతో గుండెకి బైపాస్ చేసిన తొలితరం సర్జన్లలో హ్యూస్టన్ డాక్టర్ మైకేల్ డిబేకీ ఒకరు. 2005 డిసెంబర్ 31న ఆయనకే ఛాతీ నొప్పి. బృహద్ధమని లోపొర చీలింది. దానికి ఆపరేషన్ రూపొందించిందీ ఆయనే! కానీ వయసు 97. వద్దన్నారు.

ఫిబ్రవరిలో స్పృహ తప్పింది. చేసేద్దామన్నారు సర్జన్లు, మత్తు డాక్టర్లు మేం ముట్టుకోమన్నారు. నైతిక కమిటీ అర్ధరాత్రి దాకా తర్జనభర్జన పడుతుంటే భార్య కాట్రిన్ నేరుగా మీటింగ్‌లోకే దూసుకెళ్ళారు. ఏళ్ళ తరబడి ఆయనతో పనిచేసిన జార్జ్ నూన్ కత్తి పట్టారు. ఏడు గంటలు.

బతికారు, 2008 జులై దాకా. లెక్కల్లో ఇది సక్సెసే. మరి వెంటిలేటర్, డయాలసిస్, నెలల ఆసుపత్రి, పది లక్షల డాలర్లు దాటిన బిల్లు ఏ గడిలో రాయాలి? చేసినందుకు సంతోషమని తర్వాత ఆయనే అన్నారు. బతికారు కాబట్టి అనగలిగారు. పోయుంటే, ఆ 'వద్దు' సంగతి ఎవర్ని అడిగేవాళ్ళం?