పది వరుసల ఖానా, దాని వెనక తారీఖ్

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే పిల్లలు నింపే కామన్ అప్లికేషన్‌లో ఒక ఖానా ఉంటుంది. క్లాసు చదువు కాకుండా ఇంకేం చేశావని అడుగుతుంది. పది పనుల దాకా రాయొచ్చు. ఒక్కో పని వివరానికి 150 అక్షరాలే చోటు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు చేశావో కూడా చెప్పాలి. ఎంసెట్, నీట్, జేఈఈ ర్యాంకుల మధ్య పెరిగిన మన ఖాందాన్లకు ఇది కొత్త. ర్యాంకును ఎవరూ పెంచి రాసుకోలేరు. ఇక్కడ పిల్లాడు చెప్పిన మాటే చాలావరకు లెక్క. అందుకే డల్లాస్‌లో ఉన్నవాళ్లైనా గుంటూరులో ఉన్నవాళ్లైనా నన్ను అడిగే సవాల్ ఒకటే: "కొంచెం పెంచి రాస్తే ఏమవుతుంది భాయ్, అందరూ అదే చేస్తున్నారు కదా?"

జవాబుకు ముందు ఆ ఖానా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లాంటి చోట్ల ప్రవేశం ప్రధానంగా పరీక్షల మీద నడిచేది. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షలు బాగా రాశారు. 1922 నాటికి హార్వర్డ్ మొదటి ఏడాది విద్యార్థుల్లో వాళ్లు ఐదో వంతు దాటారు. అప్పటి ప్రెసిడెంట్ లోవెల్‌కు ఇది నచ్చలేదు. యూదులు 15 శాతం మించకూడదని కోటా ప్రతిపాదించాడు. బహిరంగంగా కోటా పెట్టడం కుదరలేదు. దాంతో దారి మార్చారు. తండ్రి పుట్టిన ఊరు, తల్లి పుట్టింటి పేరు, కుటుంబం పేరేమైనా మార్చుకుందా అన్న ప్రశ్నలు దరఖాస్తులోకి వచ్చాయి. 1926లో సీట్ల సంఖ్యకు హద్దు పెట్టి, మార్కులతో పాటు 'క్యారెక్టర్' కూడా చూస్తామన్నారు. ఆటలు, క్లబ్బులు, నాయకత్వం, ఇంటర్వ్యూ, సిఫారసు ఉత్తరం, అన్నీ ఆ ఒక్క మాట కిందికి చేరాయి. ఆ మాటకు కచ్చితమైన కొలత లేదు. కొలత లేదు కాబట్టే కావలసినవాళ్లను లోపలికి తీసుకోవడానికి, వద్దనుకున్నవాళ్లను బయట ఉంచడానికి పనికొచ్చింది. యూదుల వాటా పడిపోయింది. జెరోమ్ కారబెల్ అనే సామాజికవేత్త 2005లో వచ్చిన తన గ్రంథంలో ఈ కథంతా దస్తావేజులతో సహా బయటపెట్టాడు.

1975లో 15 కాలేజీలు కలిసి ఉమ్మడి దరఖాస్తు మొదలుపెట్టాయి. అదే నేటి కామన్ అప్లికేషన్. ఖానా మిగిలింది, పుట్టుక కథ మరుగున పడింది. చాలామంది పిల్లలకు అది నిజంగా మేలు కూడా చేసింది. కానీ కొలత లేని చోట దొంగ తూకం చేరక మానదు. 2019 మార్చిలో అమెరికా న్యాయశాఖ 50 మంది మీద కేసు పెట్టింది. రిక్ సింగర్ అనే కౌన్సెలర్ ధనవంతుల పిల్లల కోసం లేని క్రీడాచరిత్ర అల్లాడు. పడవ పందేలు ఎరగని పిల్లలు పడవ పందేల ఆటగాళ్లయ్యారు. వేరే ఆటగాళ్ల ఫొటోల మీద ఈ పిల్లల ముఖాలు అతికించారు. 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల జైలు శిక్ష పడింది.

ఇదంతా విని కొందరంటారు: "పుట్టుకలోనే నాఇన్సాఫీ ఉన్న ఖానా కదా, అందులో ఇంత సచ్చాయి దేనికి?" తరాజు వంకరగా ఉందని మనం దొంగ రాయి వేయడానికి ఇజాజత్ దొరకదు. సీట్లు లెక్కపెట్టినన్నే. మన పిల్లాడి దరఖాస్తులో కలిపిన ప్రతి అబద్ధపు గంట ఇంకొకరి బిడ్డ హఖ్‌లోంచి కోసిన గంట. పైగా సంతకం పెట్టేచోట ఇందులో ఉన్నదంతా నిజమని పిల్లలు గవాహీ ఇస్తారు. అది అబద్ధమని తేలితే ఇచ్చిన సీటును కూడా కాలేజీ వెనక్కి తీసుకోగలదు.

ఈ విషయంలో మనకు సొంత తారీఖ్ ఉంది. "నేను ఎంత చేశాను" అని కచ్చితంగా చెప్పడాన్ని ఒక ఇల్మ్‌గా మార్చినవాళ్లు ముహద్దిసులు. రావీ "హద్దసనా" అంటే ఉస్తాద్ నోటి నుంచి స్వయంగా విన్నానని. "అఖ్బరనా" అంటే ఉస్తాద్ ముందు చదివి వినిపించానని. ఇమామ్ ముస్లిం ఈ రెంటి తేడాను జాగ్రత్తగా పాటించారు. ఊరికే "అన్" అంటే "ఫలానా ఆయన నుంచి" అని మాత్రమే. విన్నాడో లేదో తేలదు. కొందరు రావీలు ఈ చిన్న మాట చాటున, తాము నేరుగా వినని హదీసును విన్నట్టు అనిపించేలా చెప్పేవారు. అందులో పూర్తి అబద్ధం లేదు, అయినా వినేవాడు మోసపోతాడు. దానికి తద్లీస్ అని పేరు పెట్టారు. బస్రా ముహద్దిస్ షుఅబా దీన్ని ఎంత కఠినంగా ఖండించారో ఆ ఇల్మ్ చదివినవాళ్లందరికీ తెలుసు. ఇబ్నె హజర్ అస్ఖలానీ తద్లీస్ చేసినవాళ్లను ఐదు తబఖాలుగా విడదీసి ఒక కితాబే రాశారు.

ఈ ఇల్మ్ మనకు దూరందీ కాదు. 1888లో మొదలైన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ ఇబ్నె హజర్ రాసిన 'తహ్జీబుత్ తహ్జీబ్'ను 12 సంపుటాల్లో అచ్చువేసింది. రావీల సచ్చాయిని పరీక్షించే ఆ గ్రంథాన్ని ప్రపంచమంతా మన ఊరి అచ్చులో చదివింది.

దరఖాస్తు ఖానాలో కనిపించేది ఎక్కువగా తద్లీసే. ముగ్గురు దోస్తులు వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే "సంస్థ వ్యవస్థాపకుడు". మామూజాన్ ల్యాబ్‌లో రెండు వారాలు కూర్చుంటే "పరిశోధకుడు". చందా వసూలు చేసింది మస్జిద్ కమిటీ అయితే మొత్తం డబ్బు ఒక్క పిల్ల పేరు మీద. ఒక్కో మాటలో ఒక ముక్క నిజం ఉంటుంది. చేయని పనికి పొగడ్త కోరుకునేవాళ్ల గురించి సూరహ్ ఆలె ఇమ్రాన్‌లో ఎంత గట్టి హెచ్చరిక ఉందో మనకు తెలియంది కాదు.

కచ్చితంగా రాయడమంటే తగ్గించి రాయడం కూడా కాదు. మన ఇళ్లలో ఈ రెండో తప్పే ఎక్కువ. ఫజర్ తర్వాత రోజూ గంటన్నర కూర్చుని నాలుగేళ్లలో హిఫ్జ్ పూర్తి చేసిన పిల్లాడు దాన్ని రాయడు, "అది దీన్ పని కదా" అంటాడు. డాక్టరు దగ్గర నానీమాకు ఇంగ్లీషును తెలుగులోకి, ఉర్దూలోకి మార్చి చెప్పే అమ్మాయి, స్కూలు నుంచి వచ్చి తమ్ముళ్లకు వండిపెట్టే అమ్మాయి "నేనేం చేశాను" అంటారు. కామన్ అప్లికేషన్‌లో మతపరమైన పనులకూ కుటుంబ బాధ్యతలకూ విడిగా రకాలున్నాయి. జీతానికి చేసిన పనికీ ఉంది. ఆ గంటలు లెక్కకు వస్తాయి, రాస్తేనే.

పిల్లలతో కూర్చున్నప్పుడు నేను అడిగేవి కొన్నే. ఈ పని నువ్వు స్వయంగా చేశావా, చూశావా, సాయం పట్టావా? ఎన్ని వారాలు? నీతో ఇంకెవరున్నారు? రేపు మీ ఇమామ్ సాబ్‌నో టీచర్‌నో అడిగితే ఇదే మాట చెబుతారా? "ఇఫ్తార్ కార్యక్రమ డైరెక్టర్" కొట్టేసి, "మూడు రమజాన్లు, నలుగురితో కలిసి రోజూ దస్తర్‌ఖాన్ పరిచాను, ఎత్తాను, హాలు తుడిచాను" అని రాయిస్తాను. 150 అక్షరాల్లో అది సరిపోతుంది. చదివేవాళ్లకు పిల్లాడు కూడా కనిపిస్తాడు.

అల్లాహ్ మన పిల్లల కలానికి సచ్చాయినీ, వాళ్ల మెహనత్‌కు బరకత్‌నూ ఇవ్వాలి. ఆమీన్.