అక్షరము, అంకె, ఒక్క పంక్తి

మన యిండ్లకు వచ్చెడి విద్యుత్తు బిల్లును ఒకమారు పరికింతము. పేరు అక్షరములలో నున్నది, యూనిట్లు పూర్ణసంఖ్య, రూపాయలు, పైసలు దశాంశసంఖ్య. చదువరికి ఇవన్నియు ఒక్క పంక్తిలోనివే. కంప్యూటరునకు మాత్రము మూడు వేర్వేరు జాతులు. పండ్రెండు అను సంఖ్యయు, ఒకటి, రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసిన గుర్తులును దానికి ఒకటి కావు. మొదటిది కూడదగినది, రెండవది అచ్చువేయదగినది మాత్రమే.

1957లో జాన్ బ్యాకస్ బృందము ఐ.బి.యం. 704 యంత్రమునకై ఫోర్ట్రాన్ భాషను వెలువరించినది. అందు 'ఫార్మాట్' అను వాక్యమొకటి కలదు. పూర్ణసంఖ్యకు 'ఐ', దశాంశమునకు 'ఎఫ్'. 'ఐ5' అని వ్రాసిన, సంఖ్యకు ఐదు గడులు కేటాయించి కుడివైపునకు జరిపి అచ్చువేయును. బాగుగనే యున్నది. చిక్కంతయు మాటలతోనే. అచ్చు కావలసిన మాటలోని అక్షరములను ప్రోగ్రామరు తానే లెక్కించి, ఆ సంఖ్యను, దాని ప్రక్క 'హెచ్' అను అక్షరమును, పిదప మాటను వ్రాయవలెను. ఈ 'హెచ్' 1890 నాటి అమెరికా జనగణనకు చిల్లుల కార్డుల యంత్రమును సమకూర్చిన హెర్మన్ హాలరిత్ పేరిటిది. మాటల నడుమ ఖాళీయు ఒక అక్షరమే! లెక్క ఒకటి హెచ్చినచో ప్రక్కనున్న కామాయు మాటలో కలిసిపోవును. తగ్గినచో మిగిలిన అక్షరము ఆజ్ఞగా చదువబడును. యంత్రము లెక్కించుటకే పుట్టినది గదా, ఈ లెక్కను మాత్రము మనుష్యుని నెత్తిన ఏల పెట్టిరో! ఫోర్ట్రాన్ 95 ప్రమాణము వచ్చువరకు ఈ పద్ధతి తొలగింపబడలేదు.

1970వ దశకమున డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో 'ప్రింట్‌ఎఫ్' వచ్చినది. శాతపు గుర్తు ప్రక్కన 'డి' పూర్ణసంఖ్యకు, 'ఎస్' మాటకు. గుర్తొకటి, ఇచ్చిన వస్తువొకటి అయినను నాటి కంపైలర్లు అడ్డుచెప్పెడివి కావు.

మేము పైథాన్ భాష నేర్వ మొదలిడిన దినములలో 'వయస్సు' అను మాటకు 12 అను సంఖ్యను కూడిక గుర్తుతో జతచేయగా, జాతులు కలియవని యంత్రము నిరాకరించినది. కోపము వచ్చిన మాట నిజము. 1995లో వెలసిన జావాస్క్రిప్ట్ ఆ పనిని మారుమాటాడక చేయును. కాని అందు '5' అను గుర్తునకు 7ను కూడిన 12 రాదు, 57 వచ్చును. దుకాణపు పద్దులో ఇట్టిది దొరలినచో పట్టుకొనువారెవరు? నిరాకరణమే మేలని మాకప్పుడు తోచినది.

2016 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3.6 ఈ శ్రమను చాల తగ్గించినది. వాక్యపు కొటేషనుకు ముందు 'ఎఫ్' అక్షరమునుంచి, లోపల వంపు బ్రాకెట్లలో విలువ పేరు వ్రాసిన చాలును. సంఖ్యయో, మాటయో యంత్రమే చూచుకొని అక్షరములుగా మార్చి ఆ చోట నుంచును. పైసలకు రెండు స్థానములు కావలెనన్న, పేరు ప్రక్కన కోలనును, '.2ఎఫ్' అనియు చేర్చవలెను. ఈ చివరి 'ఎఫ్' 1957లోను దశాంశమునకు నిలిచిన అక్షరమే.