ఊక ఊరికే వచ్చిన రోజులు

చిన్నప్పుడు మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఊక పొయ్యి ఉండేది. పాత రేకు డబ్బా, అడుగున పక్కకి ఒక కన్నం, అంతే. మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కన్నంలోంచి ఓ కర్ర దూర్చి, చుట్టూ ఊక దట్టించి, రెండూ మెల్లగా లాగేస్తే పొయ్యి రెడీ. ఊక మిల్లు నుంచి ఊరికే తెచ్చుకునేవాళ్ళం. 100 కిలోల ధాన్యం ఆడిస్తే 20 కిలోల దాకా ఊకే వస్తుంది మరి. పట్టుకుపోయేవాళ్ళుంటే మిల్లాయనకి అదే పదివేలు.

తర్వాత ఊకకి గిరాకీ వచ్చింది. ఇటుక బట్టీలు, బాయిలర్లు, ఆ పైన కరెంటు ప్లాంట్లు. ఊక ధర పలకడం మొదలెట్టాక ఇంటి పొయ్యికి ఊరికే ఎవరిస్తారు?

ఇదే కథ పెద్ద స్థాయిలో ఇంకోసారి జరిగింది. 2006లో బీపీ అనే చమురు కంపెనీ, బెంగుళూరు ఐఐఎస్సీ పరిశోధన ఆధారంగా 'ఊర్జా' అనే పొయ్యి తెచ్చింది. చెరకు పిప్పి, వేరుశనగ తొక్కల్లాంటివి నొక్కి చేసిన గుళికలే ఇంధనం. అడుగున బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. గుళికల్లోంచి వచ్చే గ్యాస్ పైన మండుతుంది కాబట్టి పొగ బాగా తక్కువ. మహారాష్ట్ర, కర్ణాటక వైపు బాగా అమ్మారు. మొత్తం 4 లక్షల పైచిలుకు పొయ్యిలు! 2009లో బీపీ తప్పుకుంది. ఫస్ట్ ఎనర్జీ అనే కంపెనీ నడిపించింది. కానీ అవే పిప్పి, తొక్కలు ఫ్యాక్టరీలు కూడా కొంటున్నాయి. ముడిసరుకు ధర పెరిగింది, గుళికల ధరా పెరిగింది. ఆడవాళ్ళు మళ్ళీ కట్టెలకో, గ్యాసుకో వెళ్ళిపోయారు. కంపెనీ హోటళ్ళ వైపు తిరిగింది. మన భాషలో చెప్పాలంటే ప్రోటోటైప్ పాసయింది, ప్రొడక్షన్లో బోల్తా పడింది. తప్పు పొయ్యిది కాదండీ.

పుణెలో ఆనంద్ కర్వే గారి 'ఆర్తి' సంస్థ ఇంకో దారి పట్టింది. వాళ్ళు ఎంచుకున్నది చెరకు ఆకు. కోత అయ్యాక రైతులు పొలంలోనే తగలబెట్టేసే సరుకు. తేలిక, కానీ బోలెడు చోటు ఆక్రమిస్తుంది. లారీకెత్తితే కిరాయి కూడా గిట్టదు. అందుకని బట్టీనే పొలానికి తీసుకెళ్ళి, అక్కడే ఆకుని బొగ్గు చేసి, పొడిని బంకతో కలిపి బిళ్ళలు చేశారు. 2002లో దీనికి బ్రిటన్ వాళ్ళ యాష్డెన్ అవార్డు వచ్చింది. ఇందులో నాకు నచ్చింది బట్టీ కాదు, ఇంకెవరూ పోటీకి రాని చెత్తని ఎంచుకోవడం.

అలాంటి చెత్త మాత్రం ఎన్నాళ్ళుంటుంది? 2021లో కేంద్రం, బొగ్గు కరెంటు ప్లాంట్లలో 5 శాతం దాకా పంట వ్యర్థాల గుళికలు కలిపి కాల్చాలని విధానం తెచ్చింది. గడ్డిని పొలంలో తగలబెట్టడం ఆగితే మంచిదే, రైతుకి నాలుగు డబ్బులొస్తే ఇంకా మంచిది. వంటింటి సంగతే ఎవరూ మాట్లాడరు.

అందుకే "చెత్త నుంచి చవక ఇంధనం" అని ఎవరైనా చెప్తే నేను పొయ్యి గురించి అడగను. ఈ చెత్తకి రేపు ఇంకెవరు బేరం పెడతారు అని అడుగుతాను. చెత్త చవగ్గా ఉండేది అది ఎవరికీ అక్కర్లేనంత కాలమే కదా!