వీడియో గేముల నిర్మాణంలో ఉత్పాదక కృత్రిమ మేధ

ఉత్పాదక కృత్రిమ మేధ లేక జెనరేటివ్ ఏఐ అనగా అప్పటికే ఉన్న బొమ్మలను, రచనలను, ధ్వనులను, ప్రోగ్రాములను పెద్ద ఎత్తున పరిశీలించి, వాటి పోకడను గ్రహించి, కోరినప్పుడు అటువంటివే కొత్తవి తయారుచేసే కంప్యూటరు వ్యవస్థ. 2022 తరువాత ఈ సాధనాలు వీడియో గేముల తయారీలో వేగంగా ప్రవేశించాయి. బొమ్మలు గీయడం, సంభాషణలు వ్రాయడం, పాత్రలకు గొంతు ఇవ్వడం, ప్రోగ్రాము వ్రాయడం, అనువాదం చేయడం వంటి పనులన్నిటిలోను వీటిని వాడి చూశారు. ఆటలో ఏది మనిషి చేసినది, ఏది యంత్రం చేసినది, ఆ సంగతి కొనుక్కునేవారికి చెప్పాలా అన్న విషయంపై పరిశ్రమలో తీవ్రమైన వివాదం నడుస్తున్నది.

పూర్వరంగం

ఆటలోని భాగాలను కంప్యూటరే తయారుచేయడం కొత్త సంగతి కాదు. 1980 నాటి రోగ్ అనే ఆటలో ఆడిన ప్రతిసారీ నేలమాళిగలోని గదుల అమరిక మారిపోయేది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు రూపొందించిన ఎలైట్ లో 8 నక్షత్ర మండలాలు, ఒక్కొక్కదానిలో 256 నక్షత్రాలు ఉండేవి. ఆ ఆట మొదట వెలువడిన బీబీసీ మైక్రో కంప్యూటరు మెమరీ కేవలం 32 కిలోబైట్లు. ఇన్ని లోకాల జాబితాను దాచడానికి అందులో చోటు లేదు. అందువలన వారు కొన్ని ఆరంభ సంఖ్యలను మాత్రం ఉంచుకొని, ముందు సంఖ్యలను కలుపుతూ తరువాతి సంఖ్యను రాబట్టే ఫిబొనాచీ తరహా లెక్కతో ప్రతి లోకం పేరు, స్థానం, వర్ణన అప్పటికప్పుడు పుట్టించారు. గణితం బోధించేవారు తరగతిలో చెప్పదగ్గ ఉదాహరణ ఇది. 2016లో వచ్చిన నో మాన్స్ స్కై ఇదే దారిలో చాలా దూరం వెళ్ళింది. అందులోని గ్రహాల సంఖ్య 2 యొక్క 64వ ఘాతం, అనగా సుమారు 1.8 లక్షల కోట్ల కోట్లు.

ఈ పాత పద్ధతిని ప్రొసీజరల్ జనరేషన్ అంటారు. దీనిని, నేటి ఉత్పాదక మేధను ఒకటిగా భావించడం పొరపాటు. పాత పద్ధతిలో నియమాలను ఆట రచయితే వ్రాస్తాడు. అదే ఆరంభ సంఖ్య ఇస్తే ఎన్నిసార్లయినా అదే లోకం వస్తుంది. కొత్త పద్ధతిలో నియమాలను ఎవరూ వ్రాయరు. ఇతరులు చేసిన లక్షలాది బొమ్మలనుండి, రచనలనుండి యంత్రమే వాటిని నేర్చుకుంటుంది. ఆ ఇతరులు ఎవరు, వారిని అడిగి తీసుకున్నారా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఎలైట్ విషయంలో ఇటువంటి ప్రశ్నకు తావే లేదు.

2019లో జీపీటీ-2 అనే భాషా నమూనా ఆధారంగా వచ్చిన ఏఐ డంజియన్ ఈ కొత్త తరహా ఆటలలో తొలి రోజులది. ఆటగాడు ఏమి టైపు చేసినా కథ ముందుకు సాగేది, కాని కాస్సేపటికి ముందు జరిగినది మరచి దారి తప్పేది. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి బొమ్మల సాధనాలు, అదే సంవత్సరం నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఆట నిర్మాతలందరి దృష్టి ఇటు మళ్ళింది.

తయారీలో ఉపయోగాలు

ఆట ఇంకా ఊహలో ఉన్నప్పుడు కోటలు, రాక్షసులు, వేషధారణ ఎలా ఉండాలో చూపే తొలి చిత్రాలను కాన్సెప్ట్ ఆర్ట్ అంటారు. యంత్రం గీసిన బొమ్మలను ఈ దశలో వాడడం తేలిక. ఎందుకంటే ఆ బొమ్మ చివరి ఆటలో కనబడదు. కొందరు చిత్రకారులు మాత్రం ఆలోచన పుట్టే పని కూడా ఈ దశదే కనుక దీనినే యంత్రానికి అప్పగించడం తగదంటారు.

2023 మార్చిలో ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ ఘోస్ట్‌రైటర్ అనే సాధనాన్ని ప్రకటించింది. పెద్ద ఆటలలో వీధిలో నడిచే జనం, కాపలా భటులు పలికే చిన్న చిన్న మాటలు వేల సంఖ్యలో కావాలి. జాతరలో చెవిన పడే మాటల వంటివి ఇవి. ఒకే మాట పదిసార్లు వినబడితే వెగటు పుడుతుంది. ఘోస్ట్‌రైటర్ ఇటువంటి వాక్యాలకు చిత్తుప్రతులు ఇస్తుంది, రచయిత వాటిలో ఎన్నుకొని దిద్దుకుంటాడు. కథను వ్రాయడం దాని పని కాదు.

ఇంతకంటె దూరం వెళ్ళిన ప్రయోగం 2024 ఆగస్టులో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన గేమ్ఎన్జెన్. ఇందులో మామూలు అర్థంలో ఆట ప్రోగ్రామే లేదు. ముందు వచ్చిన దృశ్యాలను, ఆటగాడు నొక్కిన మీటలను చూసి తరువాతి దృశ్యం ఎలా ఉండాలో నాడీజాలమే ఊహించి చూపుతుంది. 1993 నాటి డూమ్ ఆటను ఇది సెకనుకు 20కి పైగా దృశ్యాలతో నడిపింది. అయితే దానికి గుర్తుండేది గడచిన కొద్ది సెకన్లు మాత్రమే.

గొంతు, నటులు

గట్టిగా నిరసించినవారిలో గాత్ర నటులు ఉన్నారు. 2023 డిసెంబరులో విడుదలైన ద ఫైనల్స్ అనే ఆటలో వ్యాఖ్యాతల మాటలను వచనం నుండి గొంతు పుట్టించే సాధనంతో తయారుచేశారు. నటుల గొంతులను ఒప్పందం మీదే తీసుకున్నామని స్వీడన్‌కు చెందిన దాని నిర్మాతలు చెప్పినా విమర్శలు ఆగలేదు.

అమెరికాలో నటుల సంఘమైన శాగ్-ఆఫ్ట్రా 2024 జూలై 26న వీడియో గేము సంస్థలపై సమ్మె ప్రారంభించింది. జీతం ఇందులో ప్రధాన విషయం కాదు. గొంతునే గాక శరీర కదలికలను అందించే నటుల రక్షణ కూడా ముఖ్యమైన చిక్కుముడిగా నిలిచింది. సమ్మె దాదాపు 11 నెలలు సాగి 2025 జూన్‌లో ఆగింది, జూలైలో సభ్యులు ఒప్పందాన్ని ఆమోదించారు. దాని ప్రకారం నటుని డిజిటల్ నకలు వాడాలంటే ముందుగా తెలిపి అనుమతి పొందాలి.

సమ్మె నడుస్తుండగానే, 2025 మేలో ఫోర్ట్‌నైట్ ఆటలో ఆటగాళ్ళతో మాట్లాడే డార్త్ వేడర్ పాత్రను ప్రవేశపెట్టారు. 2024లో మరణించిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతును ఆయన కుటుంబం అనుమతితో యంత్రం పలికించింది. ఆటగాళ్ళు వెంటనే దానిచేత బూతులు పలికించగా నిర్మాతలు కొద్దిసేపటిలో సరిదిద్దారు. కుటుంబం ఒప్పుకున్నా, తమతో సంప్రదించలేదని నటుల సంఘం ఫిర్యాదు చేసింది.

ఉద్యోగాలు

గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వారు ఏటా జరిపే సర్వేలో ఉత్పాదక మేధ పరిశ్రమకు చేటు చేస్తున్నదని అభిప్రాయపడినవారు 2024లో 18 శాతం, 2025లో 30 శాతం, 2026లో 52 శాతం. వాడుక పెరిగేకొద్దీ నమ్మకం పెరగకపోగా తగ్గడం గమనించదగ్గ విషయం. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థల స్టూడియోలు, విదేశీ ఆటలకు బొమ్మలు, త్రిమితీయ నమూనాలు చేసి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. కుర్చీలు, గోడలు, రాళ్ళు తయారుచేస్తూ పని నేర్చుకోవడం ఈ రంగంలో కొత్తవారికి తొలి మెట్టు. యంత్రం ముందుగా ఆక్రమించగలిగినది కూడా ఆ మెట్టునే.

కాపీహక్కు

అమెరికా చట్టం ప్రకారం కాపీహక్కుకు మానవ రచయిత ఉండాలి. 2025 మార్చిలో వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు ఈ సంగతిని మరల స్పష్టం చేసింది. కనుక పూర్తిగా యంత్రమే గీసిన బొమ్మను వేరొకరు వాడుకుంటే ఆట నిర్మాతకు అడ్డుకునే హక్కు ఉండకపోవచ్చును. చైనాలో 2023 నవంబరులో బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు ఇందుకు భిన్నంగా, సూచనలు ఇచ్చిన మనిషి శ్రమను గుర్తించి అటువంటి బొమ్మకు రక్షణ కల్పించింది.

వెల్లడి చేసే నియమం

కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణం యజమాని వాల్వ్ సంస్థ. హక్కులు తేలని సామగ్రి ఉన్నదని 2023లో ఈ సంస్థ కొన్ని ఆటలను తిరస్కరించింది. 2024 జనవరిలో పద్ధతి మార్చి, వాడుకను నిర్మాత తెలియజేస్తే చాలునన్నది. ముందే తయారుచేసి ఆటలో పెట్టినవి ఒక రకం, ఆడుతుండగా పుట్టేవి రెండవ రకం. రెండవ రకం విషయంలో అనుచితమైనవి రాకుండా తీసుకున్న జాగ్రత్తలను కూడా చెప్పాలి.

నియమం నిర్మాత నిజాయితీ మీద ఆధారపడినది, కనుక కొన్ని సందర్భాలు ఆటగాళ్ళ కంటికి చిక్కి బయటపడ్డాయి. 2024 డిసెంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 6 లోని శాంతాక్లాజ్ బొమ్మ చేతికి ఆరు వేళ్ళున్నట్లు ఆటగాళ్ళు గుర్తించారు. స్టీమ్ పుటలో వాడుక ప్రకటన 2025 ఫిబ్రవరిలో గాని కనబడలేదు. 2025 జూన్‌లో వచ్చిన ద ఆల్టర్స్ లో ఒక తెరమీది వచనంలో, సవరించిన పాఠాన్ని ఇస్తున్నానంటూ యంత్రం చెప్పిన జవాబు అలాగే మిగిలిపోయింది. కాపీ కొట్టే విద్యార్థి ప్రక్కవాడి హాల్ టికెట్టు నంబరును కూడా ఎక్కించినట్లయింది. అది తాత్కాలికంగా పెట్టినదని, పొరపాటున ఉండిపోయిందని పోలండ్‌కు చెందిన నిర్మాతలు వివరణ ఇచ్చారు.

ఫ్రాన్సులో ఒక చిన్న బృందం తయారుచేసిన క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 విషయం ఇంకా క్లిష్టమైనది. 2025 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు అందులో యంత్రం చేసిన కొన్ని తాత్కాలిక టెక్స్చర్లు ఉండిపోగా, 5 రోజులలో తొలగించి అసలువి పెట్టారు. డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్ దీనికి ఆ సంవత్సరపు ఉత్తమ ఆట బహుమతి ఇచ్చింది. అదే నెలలో ఇండీ గేమ్ అవార్డ్స్ వారు కూడా ఇచ్చి, ఉత్పాదక మేధను వాడలేదని ప్రవేశ సమయంలో తమకు చెప్పారన్న కారణంతో, ఉత్తమ ఆట, ఉత్తమ తొలి ఆట అవార్డులు రెండింటినీ వెనక్కి తీసుకున్నారు. అవి వరుసగా బ్లూ ప్రిన్స్, సారీ వియ్ ఆర్ క్లోజ్డ్ అనే ఆటలకు దక్కాయి.