వాల్డెన్ ఒడ్డు బాట: ఆకురాలు కాలంలో కనిపించే చరిత్ర

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ పట్టణానికి సమీపాన ఉన్న వాల్డెన్ సరస్సు హెన్రీ డేవిడ్ థోరో (1817–1862) పేరుతో ప్రసిద్ధి పొందింది. ఎమర్సన్‌కు చెందిన స్థలంలో తాను కట్టుకొన్న చిన్న ఇంట్లో థోరో 1845 జూలై 4 నుంచి 1847 సెప్టెంబరు 6 వరకు నివసించాడు. ఆ అనుభవం 1854లో ‘వాల్డెన్’ గ్రంథంగా వెలువడింది. ఈ గ్రంథాన్ని ఏకాంతవాస కథనంగా చదవడం పరిపాటి. సరస్సును చుట్టి ఉన్న కాలిబాటను ఆధారంగా తీసుకొంటే, అదే గ్రంథం అనేకుల అడుగుల చరిత్రగా కనిపిస్తుంది. ఆ బాటను, దానిపై శరత్కాల సంచారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బాటలోని పొరలు

ఒడ్డున ఏటవాలుగా ఉన్న కొండచరియపై ఎక్కుతూ దిగుతూ సాగే సన్నని బాటను థోరో గుర్తించాడు. అది అక్కడి మానవజాతి అంత పాతదనీ, ఆదివాసీ వేటగాళ్ల పాదాలు దానిని మలచాయనీ భావించాడు. పలుచగా మంచు కురిసిన తరువాత, గడ్డకట్టిన సరస్సు నడుమ నిలబడి చూసేవారికి ఆ బాట స్పష్టంగా తెలుస్తుందని రాశాడు. ఆకులు దట్టంగా ఉన్నంతకాలం మరుగున ఉండే చరిత్ర అవి రాలిన తరువాతనే బయటపడుతుందన్నమాట.

ఆ పరిసరాల పూర్వనివాసులకు థోరో ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. కేటో ఇన్‌గ్రాహమ్, పట్టణవాసులకు నార నూలు వడికి ఇచ్చిన జిల్ఫా, బ్రిస్టర్ ఫ్రీమన్ వంటి నల్లజాతి వారు ఊరి అంచున, అడవి పక్కన బతికారు. థోరో నాటికే వారి ఇళ్లు శిథిలమైపోయాయి. 1846–47 శీతకాలంలో మంచుగడ్డలు కోయడానికి ఐరిష్ కూలీలు సరస్సుకు వచ్చారు. ఆ మంచు కలకత్తా, బొంబాయిలతో పాటు మద్రాసు వాసుల దాహం కూడా తీర్చగలదని థోరో ఊహించాడు. మద్రాసు సముద్రతీరంలో 1842లో నిర్మించిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారానికి సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉంది. కాబట్టి వాల్డెన్‌ను జనసంచారం లేని అరణ్యంగా భావించడం సరికాదు.

ఋతువు, అనువాదం

థోరో శరత్కాల సంచారాల ఫలితమైన ‘ఆటమ్నల్ టింట్స్’ వ్యాసం అతని మరణానంతరం, 1862 అక్టోబరులో ప్రచురితమైంది. దీనిని తెలుగులో చర్చించేటప్పుడు ‘ఆటమ్’ను ఏమనాలన్న సమస్య ఎదురవుతుంది. ఆశ్వయుజ, కార్తిక మాసాల శరత్తుకు మన కావ్యసంప్రదాయంలో నిర్మలాకాశం, తేటనీరు, వెన్నెల, రెల్లుపూత గుర్తులు. ఆంధ్ర మహాభారత అరణ్యపర్వంలో నన్నయ చేసిన శారదరాత్రుల వర్ణన ఇందుకు ప్రసిద్ధోదాహరణ. ఆకురాలడం మనకు శిశిర లక్షణం. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో మేపుల్ ఆకులు ఎర్రబడి రాలేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అంటే నెలలు శరత్తువి, లక్షణం శిశిరానిది. ‘శరత్తు’ అంటే ఆకు, ‘శిశిరం’ అంటే నెల తప్పిపోతాయి.

ఈ చిక్కుకు పరిష్కారం ఋతునామంలో కంటే ‘పండుటాకు’ అనే తెలుగు మాటలో దొరుకుతుంది. ఆకు రంగు మారడాన్ని థోరో వాడిపోవడంగా కాక, పండు పక్వమైనట్లు పరిణతి పొందడంగా వివరించాడు. కాయకూ ఆకుకూ తెలుగు ఒకే క్రియను వాడుతుంది: రెండూ ‘పండుతాయి’. అయితే వాడుకలో ‘పండుటాకు’ వార్ధక్యాన్ని, రాలిపోనున్న స్థితిని సూచిస్తుంది. థోరో దృష్టి పరిపూర్ణతపై నిలుస్తుంది. ఆ మాటలోని మూలార్థాన్ని మేల్కొల్పగల అనువాదమే ఇక్కడ సమర్థమైనది.

ముగింపు

1922లో ఎమర్సన్ తదితర కుటుంబాలు సరస్సు పరిసర భూములను ప్రజల కోసం మసాచుసెట్స్ రాష్ట్రానికి అప్పగించాయి. 1957లో స్నానఘట్టం విస్తరణకై కౌంటీ యంత్రాంగం చెట్లు కొట్టించగా, పౌరులు న్యాయపోరాటం చేశారు. 1960లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. 1975లో నిర్వహణ రాష్ట్రానికి మారింది. నేడు ఒడ్డు కోతకు గురికాకుండా బాటకు ఇరువైపులా కంచె కనిపిస్తుంది. అడుగులతో ఏర్పడిన బాటను అడుగుల నుంచే కాపాడవలసి రావడం వాల్డెన్ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం. ఒక్కరి ఏకాంతానికి ప్రతీకగా పేరుపొందిన చోటు నిలిచింది అనేకుల ఉమ్మడి బాధ్యత వల్లనే. ‘వాల్డెన్’ను తెలుగులో చదివించే వారు ఈ సంగతిని గ్రంథంతో పాటు అందించడం అవసరం.