దారులోహ సంయోగము: వెలనాటి పనితనము

కొయ్యపని వేఱు, ఇనుపపని వేఱు అని నేడు మనలోనే పలువురు తలంచుచున్నారు. పూర్వులకిట్టి భేదబుద్ధి లేదు. మన సంప్రదాయమున ఇనుమునకు మనువును, కొయ్యకు మయుడును మూలపురుషులు, ఇరువురు నన్నదమ్ములు. శ్రీరుద్రమునందును తక్షులకు, రథకారులకు, కర్మారులకు నొకే వరుసలో నమస్కారములు చెప్పబడినవి.

క్రీ. శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసన లక్షణమునకొక యధ్యాయమును వెలయించెను. టేకు, శింశుప మొదలగునవి మంచములకు యోగ్యములనియు, పిడుగుపడి కూలినవి, ఏనుగులు పడద్రోసినవి వర్జ్యములనియు నుడివెను. రాజశయ్యకు 100 అంగుళముల పొడవు విధించెను. ఆ యంగుళము ఎనిమిది యవల కొలత. నేటి యింగ్లీషు అంగుళము కాదు. చెట్టును, కొలతను శాస్త్రము చెప్పినది. కొయ్యకు లోహమును గూర్చు మర్మము మాత్రము కొలిమికడ, బాడిసకడ గురుముఖముననే నేర్వవలసియుండెను.

ఆ నేర్పు తెలుగు తీరమున నెంతటిదో విదేశీయులే చెప్పిరి. 1669-1679 నడుమ బంగాళాఖాత తీరమున సంచరించిన థామస్ బౌరీ యను నాంగ్లేయుడు, గోదావరీ ముఖమునందలి నరసాపురమున ఓడలు కట్టుటను, అచ్చటి యినుపపనివారి కౌశలమును వర్ణించియున్నాడు. ఓడకు టేకు ఎంతయో మేకు నంత.

ఇక మన సీమ. 12వ శతాబ్దిలో వెలనాటి చోడులకు రాజధానియైన చందవోలు మన పిట్టలవానిపాలెమునకు చేరువనే యున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణ నీరు పారి మాగాణి విస్తరించెను. పంట పెరిగినకొలది బండ్లును, పంటతో చేరిన సొమ్మును, పత్రములను దాచుటకు భోషాణములును, లోగిళ్లలో గొలుసుల ఉయ్యాలబల్లలును కావలసివచ్చెను. ఇవియన్నియు రెండు చేతుల పనులు.

బండిచక్రమును చూడుడు. కుండ, ఆకులు, పూటీలు వడ్రంగి కూర్చును. కమ్మరి చక్రపు చుట్టుకొలతకంటె రవంత తక్కువగా ఇనుపకట్టు చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చును. కాకకు వ్యాకోచించిన కట్టును చక్రమునకెక్కించి నీరు పోయగా, అది ముడుచుకొని అతుకులన్నిటిని బిగించును. కట్టు వదులైన జారిపోవును; మితిమీఱి బిగువైన ఆకులు వంగును. ఇరువురి కొలత యొకటి కానిదే చక్రము నిలువదు.

భోషాణమునందలి మర్మము వేఱు. కొయ్య వానకుబ్బును, ఎండకు ముడుచుకొనును. అదియు నారకడ్డముగానే హెచ్చు. ఇనుము తేమకు కదలదు. కావున నారకడ్డముగా పట్టీ వేయునప్పుడు మేకు రంధ్రమును కొంచెము కోలగా తీయవలెను. లేనిచో పలక పగులును. టేకులోని నూనె యినుమును తుప్పునుండి కొంత కాచును. తుమ్మలోని వగరు దానిని నల్లబఱచును. ఉప్పుగాలి తగులు సముద్రతీర గ్రామములలో ఇనుముకంటె ఇత్తడియే మేలు. ఇట్టి యెఱుక మన పెద్దలకు కరతలామలకము.

నేడు నగరములలో ఇనుపకాళ్లపై టేకు పలక బిగించిన బల్లలకు, కుర్చీలకు ఆదరము కలుగుచున్నది. ధనికులు వానిని నూతన సృష్టియని కొనుచున్నారు. కాని దాని మూలసూత్రము మన భోషాణముల పట్టీలలోనే కలదు. సూత్రమెఱిగిన మనవారు చూచుచుండగా, ఎఱుగనివారు చేసిన పలకలు ఏడాదికే బీటలువాఱుచున్నవి.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము 18 వృత్తులను గుర్తించినది. పనిముట్లకు 15,000 రూపాయలును, 5 శాతము వడ్డీపై రెండు విడతలుగా 3 లక్షల వఱకు ఋణమును నిర్ణయించినది. ఇది మేలే. అయినను అందు వడ్రంగి యొక పద్దు, కమ్మరి యొక పద్దు. ఇరువురిని ఒక పందిరి క్రిందికి తెచ్చుట ప్రభుత్వము పని కాదు, మనది.

కావున సంఘీయులకును, దాతలకును నా విన్నపము రెండే మాటలు. పాత యిండ్లలో మిగిలిన భోషాణములను, ఉయ్యాలబల్లలను, తలుపులను అమ్ముడుపోకమునుపే కొలిచి, అతుకులతోసహా పటములు వ్రాయింపుడు. వడ్రంగి బిడ్డ ఒక యేడు కొలిమికడను, కమ్మరి బిడ్డ ఒక యేడు బాడిసకడను పనినేర్చు ఉమ్మడి కార్ఖానా నొకదానిని నెలకొల్పుడు. చెక్కయు మేకును తెలిసిన ముదుసలులు కొందఱింకను మన నడుమ నున్నారు. వారుండగనే యీ కార్యము జరుగవలెను.