అర్రే పొడవు, అభ్యర్థుల సంఖ్య

సికింద్రాబాద్ శివార్లలోని మౌలాలికి పొరుగున, కుషాయిగూడ ప్రాంతంలో 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఈసీఐఎల్, ఎ.ఎస్. రావు సారథ్యంలో టీడీసీ-12 వంటి తొలితరం స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసి, 1979లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రానికి నమూనాను రూపొందించింది. వరుసగా అమర్చిన గళ్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో యంత్రానికి ఎవరు చెప్పాలన్న ప్రశ్న ఆ యంత్రానికీ, అదే దశకంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషకూ ఉమ్మడిది.

ఒకే రకం విలువలను కంప్యూటర్ మెమరీలో పక్కపక్కనే నిలిపే ఏర్పాటును అర్రే అంటారు. సి భాషకు పూర్వరూపమైన బీసీపీఎల్‌లో అక్షరమాలిక పొడవును దాని మొదటి బైట్‌లోనే రాసేవారు. ఆ బైట్‌లో పట్టే అంకె పొడవుకు హద్దు పెడుతుండటంతో, ఈ రెంటికీ నడుమ వచ్చిన బి భాషలో ముగింపు గుర్తు పద్ధతి వచ్చి, సి భాషలో సున్నా బైట్‌గా స్థిరపడింది. సంఖ్యల అర్రేకు అలాంటి గుర్తేమీ లేదు. నాలుగేసి బైట్ల మూలకాలు పదహారు ఉంటే, మొత్తం బైట్లను లెక్కించే సైజాఫ్ ఇచ్చే 64ను 4తో భాగించి 16 అని తేల్చవచ్చు గానీ, ఆ అర్రేను ఫంక్షన్‌కు పంపినప్పుడు చేరేది మొదటి మూలకం చిరునామా, అంటే పాయింటర్ మాత్రమే కాబట్టి, 64 బిట్ల యంత్రంలో అదే భాగహారం 8ని 4తో భాగించి 2 అనే తప్పు జవాబిస్తుంది. అందుకే పొడవును వేరుగా పంపడం ఆనవాయితీ అయింది.

ఓటింగ్ యంత్రంలోనూ ఆ సంఖ్యను మనిషే చెబుతాడు. పోలింగ్‌కు ముందు అధికారి కంట్రోల్ యూనిట్‌పై క్యాండ్ సెట్ మీట నొక్కి, బ్యాలెట్ యూనిట్‌పై జాబితాలోని చివరి పేరుకు ఎదురుగా ఉన్న మీటను నొక్కుతాడు. వాడని మీటలను మూసివేసి, కంట్రోల్ యూనిట్‌పై క్యాండ్ సెట్ మీట ఉన్న భాగానికి సీలు వేస్తారు. యూనిట్‌కు 16 మీటలు కాగా, పాత యంత్రాలకు నాలుగు యూనిట్లు, అంటే 64 పేర్లే హద్దు. ఎం3 అనే కొత్త తరం యంత్రాలకు 24 యూనిట్లు, 384 పేర్లు. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో, పసుపు, ఎర్రజొన్న రైతులే అధికంగా ఉన్న 185 మంది అభ్యర్థులకూ నోటాకూ కలిపి ఎం3 యంత్రాలతో 12 యూనిట్లు జోడించగా, 192 మీటల్లో ఆరు మిగిలాయి.

హద్దు దాటినప్పుడే రెండు పద్ధతుల మధ్య తేడా బయటపడుతుంది. సి భాష హద్దును తనంతట తాను పరిశీలించదు గనుక, అధికంగా వచ్చిన విలువ పక్కనున్న మెమరీని చెరిపేస్తుంది. 1988లో మోరిస్ వార్మ్ అనే హానికర ప్రోగ్రామ్ వ్యాపించిన మార్గాల్లో ఈ లోపం ఒకటి. ఎన్నికల విధానంలో మాత్రం పేర్లు హద్దు మించితే యంత్రాన్ని పక్కనపెట్టి కాగితపు బ్యాలెట్‌కు మళ్లాలి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. అంతమంది ఈనాడు నిలిచినా ఎం3 యంత్రంలో చోటు చాలదు.